గాలి సోకడం - దయ్యం నుంచి డిటెక్టరు దాకా

తెలుగులో "గాలి సోకింది" అంటే దయ్యం పట్టిందని అర్థం. "వాడికేదో గాలి తగిలింది" అన్నా అదే. నిఘంటువులో గాలికి మొదటి అర్థం గాలే అయినా, ఊళ్ళో ఆడమనిషి ఉన్నట్టుండి కేకలు పెట్టి పడిపోతే ఆ మాటకి రెండో అర్థమే వాడతారు. మన హేతువాద మిత్రులు ఈ మాట వినగానే నవ్వుతారు. నేనూ ఎన్నో సభల్లో నవ్వినవాళ్ళ పక్కన కూర్చున్నవాడినే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: కొన్ని సందర్భాల్లో ఆ మాట అక్షరాలా నిజం. నిజంగానే గాలి సోకుతుంది. ఆ గాలి పేరు కార్బన్ మోనాక్సైడ్. దాన్ని దయ్యం అన్నవాడూ, "అంతా నీ భ్రమ" అని చేతులు దులుపుకున్నవాడూ ఇద్దరూ ఆ మనిషిని అదే గదిలో వదిలేసి వెళ్తున్నారు.

నేను డాక్టర్ని కాను, కెమిస్టునీ కాను. బి.కాం. చదివి డిఫెన్స్ అకౌంట్స్ లో బిల్లులు చూసి రిటైరైనవాడిని. అకౌంట్స్ వాడికి ఒక మంచి అలవాటు ఉంటుంది. వోచరు లేకుండా ఖర్చు ఒప్పుకోడు. అలాగే ఖర్చు ఒప్పుకోనంత మాత్రాన డబ్బు పోలేదని కూడా అనడు. పోయిన డబ్బు ఎటు పోయిందో తేలేదాకా ఫైలు మూయడు. దయ్యాల ఫైళ్ళు మనం కాస్త తొందరగా మూసేస్తున్నామని నా అనుమానం.

మన దగ్గరున్న సమాధానాలు

దక్షిణాసియాలో దయ్యాల కేసుల పరిశోధన అనగానే గుర్తొచ్చేది డాక్టర్ అబ్రహాం కోవూర్. కేరళలో పుట్టి, శ్రీలంకలో స్థిరపడి, 1978లో చనిపోయేదాకా ఆయన ఇళ్ళమీద రాళ్ళు పడటం, బట్టలు అంటుకోవడం, పూనకాలు లాంటివి ఎన్నో స్వయంగా వెళ్ళి చూశాడు. చాలావాటి వెనక ఇంట్లోవాళ్ళలోనే ఎవరో ఒకరి అల్లరో, మనోవేదనో ఉందని తేల్చాడు. మన తెలుగునాట బాణామతి, చేతబడి కేసులు చూసిన డాక్టర్లూ, హేతువాదులూ కూడా ఎక్కువగా ఆ దారినే వెళ్ళారు. మోసం, హిస్టీరియా, భయం, ఒకరిని చూసి ఒకరికి అంటుకోవడం. ఇవన్నీ నిజమైన కారణాలే. ఆ పరిశోధనల వల్ల మంత్రగాళ్ళన్న నెపంతో చావవలసిన ఎంతమంది ప్రాణాలు నిలబడ్డాయో లెక్కలేదు.

కానీ ఈ జాబితాలో ఒక పద్దు లేదు. మనిషి అబద్ధమాడటం లేదు, పిచ్చీ లేదు, అయినా చూసింది లేనిదాన్ని. కారణం మెదడుకి ప్రాణవాయువు అందకపోవడం. ఈ పద్దు ఎప్పుడు పుట్టిందో చూద్దాం.

బొగ్గు పొగ చరిత్ర

నిప్పు కనిపెట్టిన రోజు నుంచీ ఈ విషం మనిషి పక్కనే ఉంది. రోమన్ చక్రవర్తి జూలియన్ క్రీ.శ. 4వ శతాబ్దంలో, ఇప్పుడు పారిస్ అంటున్న ఊళ్ళో చలికాలం గడిపాడు. గదిలో నిప్పుల కుంపటి పెట్టించుకుంటే ఊపిరాడక దాదాపు చావబోయానని తనే రాసుకున్నాడు. అప్పటికి అదేమిటో ఎవరికీ తెలీదు. 1800లో విలియం క్రూక్‌షాంక్ అనే బ్రిటిష్ కెమిస్టు ఈ వాయువు ఒక కర్బనం, ఒక ఆక్సిజన్ కలిసిన సమ్మేళనమని చూపించాడు. 1850ల్లో ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ అది రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట తను కూర్చుంటుందని కనిపెట్టాడు.

మన రక్తంలో హీమోగ్లోబిన్ అనేది ఆక్సిజన్ మోసే బండి. కార్బన్ మోనాక్సైడ్ కి ఆ బండి మీద పట్టు ఆక్సిజన్ కంటే 200 రెట్ల పైన ఎక్కువ. అందుకే గదిలో కొంచెమే ఉన్నా, గంటలు గడిచేకొద్దీ సీట్లన్నీ ఆక్రమిస్తుంది. రంగు లేదు, వాసన లేదు, ముక్కు మండదు, దగ్గు రాదు. మొదట తలనొప్పి, వికారం, నీరసం. తర్వాత మతి తప్పడం, కళ్ళు బైర్లు కమ్మడం, కాళ్ళు లేవకపోవడం. తలుపు తియ్యాలని తెలిసినా లేచి వెళ్ళలేరు.

ఈ మొదటి లక్షణాలు మరీ మామూలువి కావడమే దీని ప్రమాదం. ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా 1902 సెప్టెంబర్ లో పారిస్ ఇంట్లో భార్యతో పడుకున్నాడు. గదిలో బొగ్గు పొయ్యి ఉంది, పొగగొట్టం మూసుకుపోయి ఉంది. రాత్రి ఇద్దరికీ ఒంట్లో బాగాలేక లేచారు. అజీర్తి అనుకున్నారు, పనివాళ్ళని లేపనక్కర్లేదనుకున్నారు. తెల్లారేసరికి జోలా చనిపోయాడు, భార్య బతికింది. డ్రేఫస్ అనే నిరపరాధి కోసం దేశాన్నంతా ఎదిరించినవాడు కాబట్టి, పొగగొట్టం కావాలనే మూశారా అన్న అనుమానం ఈనాటికీ ఉంది. అది తేలలేదు. తేలినది మాత్రం, అంతటి మేధావి కూడా విషాన్ని అజీర్తి అనుకున్నాడని.

లాంతరు, పిట్ట, హాల్డేన్

దీన్ని ముందుగా పసిగట్టే పద్ధతి గనుల్లో పుట్టింది. 1896 జనవరిలో వేల్స్ లోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 57 మంది చనిపోయారు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శరీరశాస్త్రవేత్త వెళ్ళి శవాలని పరీక్షించాడు. అందరూ పేలుడు దెబ్బకి పోయారనుకుంటుంటే, చాలామంది తర్వాత వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ వల్ల పోయారని రక్తం చూసి తేల్చాడు. ఆ వాయువు కలిసిన రక్తం ఎర్రగా, బతికున్నవాడి రక్తం కంటే కాంతిగా ఉంటుంది. అంతకుముందు ఏడాదే ఆయన ఆ వాయువుని స్వయంగా పీల్చి, తన రక్తంలో సగం పైన విషంతో నిండేదాకా ఏమవుతోందో రాసుకుంటూ కూర్చున్నాడు. ఇది సాహసమో తెగింపో పాఠకులే నిర్ణయించుకోవాలి.

హాల్డేన్ చెప్పిన ఉపాయం: చిన్న ప్రాణిని వెంట తీసుకెళ్ళండి. ఎలుక గానీ, చిన్న పిట్ట గానీ దాని ఒంటి బరువుకి మనకంటే చాలా ఎక్కువ గాలి పీలుస్తుంది. కాబట్టి మనకంటే ముందే పడిపోతుంది. ఎలుక మూల నక్కి కూర్చుంటే తెలీదు, కెనరీ పిట్ట కొమ్మ మీంచి పడితే కనిపిస్తుంది. అలా కెనరీ బ్రిటిష్ గనుల్లోకి వచ్చి 1986 దాకా ఉద్యోగం చేసింది. ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చాక రిటైరైంది. కొన్ని పంజరాలకి చిన్న ఆక్సిజన్ సిలిండరు కూడా అమర్చేవారు, పడిపోయిన పిట్టని బతికించుకోవడానికి.

ఇక్కడ మన పల్లెటూరి లాంతరు సంగతి చెప్పాలి. పాడుబడ్డ బావిలోకి దిగేముందు తాడుకి లాంతరు కట్టి దించేవారు. ఆరిపోతే "లోపల దయ్యం ఉంది, దిగొద్దు" అనేవారు. దయ్యం మాట పక్కనపెడితే పరీక్ష సరైనదే. ఆక్సిజన్ తగ్గితే దీపం ఆరుతుంది. కానీ హాల్డేన్ గనివాళ్ళకి పదే పదే చెప్పిన విషయం, దీపం ఆక్సిజన్ తక్కువైతే చెబుతుందే గానీ కార్బన్ మోనాక్సైడ్ ని చెప్పదు. వెయ్యిపాళ్ళ గాలిలో రెండు మూడు పాళ్ళు ఈ విషం ఉంటే గంటా రెండు గంటల్లో మనిషి పడిపోతాడు. దీపం మాత్రం చక్కగా వెలుగుతూనే ఉంటుంది. డీజిల్ ఇంజను బావిలోకి దించి నీళ్ళు తోడినచోట, లాంతరు వెలిగింది కదా అని దిగినవాళ్ళు పైకి రాకపోవడానికి ఇదొక కారణం. ఒకడు పడిపోతే తీయడానికి ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు. ఊరు దాన్ని "బావి బలి కోరింది" అంటుంది.

హాల్డేన్ కొడుకు మనవాళ్ళకి బాగా తెలిసినవాడే. జె.బి.ఎస్. హాల్డేన్. చిన్నప్పుడు తండ్రి అతన్ని గనిలోకి తీసుకెళ్ళి, పైన మీథేన్ చేరిన చోట నిలబెట్టి, షేక్స్పియర్ నాటకంలోని మార్క్ ఆంటోనీ ఉపన్యాసం అప్పజెప్పమన్నాడట. కొంతసేపటికి కుర్రాడు కుప్పకూలాడు. కింద నేల దగ్గర గాలి బాగానే ఉంది కాబట్టి తేరుకున్నాడు. మీథేన్ తేలిక కనుక పైకి చేరుతుందన్న పాఠం అతనికి జన్మలో మరచిపోకుండా అబ్బింది. ఈ జె.బి.ఎస్. 1957లో భారతదేశానికి వచ్చి, 1961లో ఇక్కడి పౌరుడై, 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్ లో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని విద్యార్థుల చదువు కోసం మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. తండ్రి శవాల రక్తం చూసి బతికున్నవాళ్ళని కాపాడే మార్గం కనిపెడితే, కొడుకు తన శవాన్నే చదువుకోమని ఇచ్చాడు. కర్మకాండ మీద ఇంతకంటే మంచి విమర్శ నాకు తెలీదు.

1921 నాటి దయ్యాల కొంప

ఇప్పుడు అసలు కేసు. విలియం విల్మర్ అనే అమెరికన్ కంటి వైద్యుడు 1921లో ఒక నేత్రవైద్య పత్రికలో కార్బన్ మోనాక్సైడ్ వల్ల కంటికి జరిగే హాని గురించి రాస్తూ, ఒక కుటుంబం అనుభవాన్ని ఇంటావిడ మాటల్లోనే చేర్చాడు. 1912 చివర్లో వాళ్ళొక పాత పెద్ద ఇంట్లో చేరారు. కొద్దిరోజులకే అందరికీ తలనొప్పులు, నీరసం. పిల్లలు పాలిపోయారు. కుండీల్లో మొక్కలు చచ్చిపోయాయి. రాత్రుళ్ళు ఎవరూ లేని చోట అడుగుల చప్పుడు, గంటలు మోగడం. ఎవరో వెనకే వస్తున్నట్టు, మంచం మీద ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు, నల్లబట్టల ఆడమనిషి ఎదురొచ్చి మాయమైనట్టు. మనూళ్ళో అయితే ఇల్లు ఖాళీ చేసి, వాస్తు పండితుణ్ణి పిలిచి, ఈశాన్యం గోడ పగలగొట్టి ఉండేవారు.

వాళ్ళ అదృష్టం కొద్దీ బంధువొకడికి, పొయ్యి పొగ వల్ల ఇలాంటి అనుభవాలే పొందిన వేరే కుటుంబం గురించి చదివిన గుర్తుంది. ఇల్లు వెచ్చబెట్టే కొలిమిని పరీక్ష చేయించారు. అది పాడైపోయి, పొగ గొట్టం గుండా పైకి పోవడానికి బదులు గదుల్లోకే వస్తోంది. బాగుచేయించాక దయ్యాలు రాలేదు.

ఈ కథ అంతా బావుంది కదా అని మనం చప్పట్లు కొట్టకూడదు. మంత్రగాడిని అడిగిన ప్రశ్నలే దీన్నీ అడగాలి. ఒకటి, ఇది ఒక్క కుటుంబం చెప్పిన సంగతి, అదీ తర్వాత గుర్తుచేసుకుని చెప్పింది. రెండు, ఆ ఇంటి గాలిలో విషం ఎంతుందో కొలిచిన అంకె లేదు. మూడు, నిజమైన అడుగుల చప్పుడు వేరే ఉండి ఉండొచ్చు, జబ్బుపడ్డ మనుషులు దానికి దయ్యాన్ని జోడించి ఉండొచ్చు. ఆడిట్ భాషలో చెప్పాలంటే ఈ వోచరు పాక్షికంగా మాత్రమే ఆమోదం. కానీ తర్వాత కూడా ఇలాంటివి నమోదయ్యాయి. 2005లో ఒక అమెరికన్ అత్యవసర వైద్య పత్రికలో, స్నానం చేస్తూ దయ్యాన్ని చూశానని మతి తప్పి ఆస్పత్రికి వచ్చిన యువతి కేసు వచ్చింది. సరిగ్గా బిగించని గ్యాస్ గీజరు విషం కక్కుతోందని తేలింది. దయ్యాల ఇళ్ళన్నిటికీ ఇదే కారణమని నేననను. చాలావాటికి కాదు. కానీ ఇది అంకెతో తేల్చగల కారణం. మీటరు పెడితే ఉందో లేదో తెలిసిపోతుంది. అలా తేల్చగలిగినదాన్ని ముందు తేల్చుకోవాలి.

బాలింత గది

మా నాయనమ్మ చెప్పిన సంగతొకటి ఉంది. 1950ల్లో మా పెద్ద మేనత్త పుట్టింట్లో పురుడు పోసుకుంది. పుష్యమాసం చలి. బాలింతకి చలిగాలి తగలకూడదని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసి తలుపు వేశారు. మూడో రాత్రి అత్తయ్య ఎవరో గుండెల మీద కూర్చున్నారని కేకలు పెట్టింది. పిచ్చిచూపులు చూసింది. గాలి సోకిందన్నారు. భూతవైద్యుణ్ణి పిలిపించారు. అతను రాగానే తలుపులు తీయించి, ఆవిణ్ణి ఎత్తుకొచ్చి వాకిట్లో ముగ్గులో కూర్చోబెట్టి, తెల్లవార్లూ వేపమండలతో మంత్రించాడు. తెల్లారేసరికి అత్తయ్యకి నెమ్మదించింది. అతనికి రెండు బస్తాల ధాన్యం కొలిచారు.

ఇది రుజువు కాదు. నేను పుట్టకముందు సంగతి, విన్న మాట. పురిటి జ్వరం కావచ్చు, ప్రసవం తర్వాత కొందరికి వచ్చే మానసిక జబ్బు కావచ్చు. కానీ ఒక్క విషయం గమనించండి. కార్బన్ మోనాక్సైడ్ పీల్చినవాళ్ళని మామూలు గాలిలో ఉంచితే, రక్తంలోని విషం నాలుగైదు గంటలకి సగానికి తగ్గుతుంది. అంటే ఆ రాత్రి జరిగిన వైద్యంలో పనికొచ్చిన భాగం ఒకవేళ ఉంటే, అది తలుపు తీసి వాకిట్లోకి తీసుకురావడమే. మంత్రానికి ముట్టింది ధాన్యం. గాలికి ముట్టింది ఏమీ లేదు.

ఈ అనుమానం పాత సామాన్ల గదిలో పారేసేది కాదు. క్రితం చలికాలంలో మా అమ్మాయి పురిటికి మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ అక్కగారు ఊరి నుంచి కుంపటి తెప్పించారు. ఫ్లాట్ లో, అల్యూమినియం కిటికీలు బిగించిన గదిలో, పది రోజుల పసికందు పక్కన. నేను వాదన పెట్టుకోలేదు. "వదినగారూ, ముందు ఖాళీ గదిలో గంటసేపు పెట్టి చూద్దాం" అన్నాను. అంకె చూపించే డిటెక్టరు ఒకటి బీరువా మీద పెట్టి, కుంపటి వెలిగించి తలుపు వేశాం. నలభై నిమిషాలకి లోపలికి తొంగి చూస్తే అంకె 60 దాటింది, ఇంకా పెరుగుతోంది. "ఆ డబ్బా ఏమంటోంది మరిదిగారూ?" అని అడిగారావిడ. పది లక్షల పాళ్ళ గాలిలో అరవై పాళ్ళు విషమంటోందని, ఇంకాస్త పెరిగి నిలబడితే కూస్తుందని చెప్పాను. ఆవిడే కుంపటిని బాల్కనీలోకి తీసుకెళ్ళి నీళ్ళు పోశారు. దీనికి ఉపన్యాసం అవసరం కాలేదు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఉత్తరాదిన చలి ప్రాంతంలో కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడ సైనికుల బ్యారక్ లని బుఖారీ అనే పొయ్యితో వెచ్చబెడతారు. ఒకసారి ఒక సెక్షన్ లో, బుఖారీ ఒకటే కదా, దానికి ఇన్ని గొట్టం ముక్కలెందుకని అభ్యంతరం రాశారు. ఆ యూనిట్ సుబేదారు నుంచి వచ్చిన జవాబు నాకిప్పటికీ గుర్తు. గొట్టం కప్పు దాటి పైకి వెళ్ళకపోతే పొద్దున్న హాజరు పట్టీలో సంతకాలు తగ్గుతాయి, అంతే. అభ్యంతరం అక్కడికక్కడే ఎత్తేశారు.

పొగ డిటెక్టరు, విష డిటెక్టరు

ఈ రెండూ ఒకటే అనుకునేవారు చాలామంది. కాదు. పొగ డిటెక్టరు కార్బన్ మోనాక్సైడ్ ని పట్టదు. కుంపటి, గీజరు పొగ లేకుండానే చంపగలవు.

మంటని పసిగట్టే విద్యుత్ పరికరానికి 1890లో ఎడిసన్ సహచరుడు ఫ్రాన్సిస్ అప్టన్, మరొకరితో కలిసి పేటెంటు తీసుకున్నాడు. అది వేడిని పట్టేది. అంటే గది కాలడం మొదలయ్యాక కూసేది. పొగని పట్టే పరికరం 1930ల చివర్లో స్విట్జర్లాండ్ లో పుట్టింది. వాల్టర్ యేగర్ అనే భౌతిక శాస్త్రవేత్త విషవాయువుని పట్టే యంత్రం కోసం ప్రయత్నిస్తూ, అది పనిచేయక విసుగొచ్చి సిగరెట్ వెలిగించాడని, ఆ పొగకి మీటరు ముల్లు కదిలిందని చెబుతారు. అదే దేశపు ఎర్నెస్ట్ మైలీ దాన్ని ముందుకు తీసుకెళ్ళాడు. అంటే విషవాయువు కోసం వెతికితే పొగ దొరికింది. ఇంట్లో బ్యాటరీతో పనిచేసే చవక పరికరం 1960ల్లో అమెరికాలో డువేన్ పియర్సాల్ బృందం చేసింది. 1970ల్లో లక్షల ఇళ్ళకి చేరింది.

ఆ రకం పరికరంలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక మూలకం రవ్వంత ఉంటుంది. దాన్ని కనుగొన్న బృందానికి నాయకుడైన గ్లెన్ సీబోర్గ్ ఆ సంగతిని 1945 నవంబర్ లో పిల్లల రేడియో క్విజ్ కార్యక్రమంలో ముందుగా బయటపెట్టాడు. ఆ రవ్వ గాలిని విద్యుదావేశితం చేస్తుంది, సన్నని కరెంటు ప్రవహిస్తుంది. పొగ రేణువులు అడ్డొస్తే కరెంటు తగ్గి గంట మోగుతుంది. రేడియోధార్మికం అనగానే భయపడేవాళ్ళకి ఒక మాట: దాని ఆల్ఫా కిరణాలని కాగితం ముక్క ఆపేస్తుంది. పరికరాన్ని విప్పకుండా ఉంటే చాలు. రెండో రకం వెలుతురుతో పనిచేసేది. పొగ రేణువుల మీద పడి చెదిరిన వెలుగుని పట్టుకుంటుంది. నిదానంగా రాజుకునే మంటని ఇది ముందు పడుతుంది, తాలింపు పొగకి తక్కువగా కూస్తుంది. మన ఇళ్ళకి ఇదే నయం.

వంటగ్యాస్ డిటెక్టరు జపాన్ వాళ్ళ చలవ. గ్యాస్ పేలుళ్ళు చూసి కలత చెందిన నవోయోషి తగుచి అనే ఆయన 1962లో టిన్ ఆక్సైడ్ తో గ్యాస్ ని పట్టే సెన్సర్ కి పేటెంటు దాఖలు చేశాడు.

కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టరు మాత్రం ఇళ్ళకి ఆలస్యంగా, 1990ల్లో వచ్చింది. 1994లో షికాగో నగరం ఇళ్ళలో తప్పనిసరి చేసింది. ఆ డిసెంబర్ లో ఒకరోజు నగరం మీద గాలి కదలక, వాహనాల పొగ కింద నిలిచిపోయింది. ఒక్కరోజులో అగ్నిమాపక శాఖకి వెయ్యికి పైగా ఫోన్లు వచ్చాయి. డిటెక్టర్లన్నీ అబద్ధాలకోరులని పత్రికలు తిట్టాయి. నిజానికి అవి అబద్ధమాడలేదు. గాలిలో ఉన్నదే చెప్పాయి, ప్రమాదం కాని స్థాయిలో చెప్పాయి. ఆ తర్వాత ప్రమాణాలు మార్చారు. ఇప్పటి అమెరికన్ ప్రమాణం ప్రకారం 70 పీపీఎం ఉంటే గంట నుంచి నాలుగు గంటల లోపు, 150 ఉంటే 10 నుంచి 50 నిమిషాల్లో, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో కూయాలి. విషం ఎంతుంది అన్నదానితోపాటు ఎంతసేపు ఉంది అన్నదీ లెక్క. వడ్డీ లెక్క తెలిసినవాడికి ఇది వెంటనే అర్థమవుతుంది.

మన ఊళ్ళ లెక్క

2020 జనవరిలో నేపాల్ లోని దామన్ లో, గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని పడుకున్న ఎనిమిది మంది కేరళ యాత్రికులు తెల్లారి లేవలేదు. వారిలో నలుగురు పిల్లలు. 2025 జనవరిలో శ్రీనగర్ లో దంపతులూ ముగ్గురు పిల్లలూ అద్దె ఇంట్లో ఇలాగే పోయారు. మన దగ్గర 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు పాతికేళ్ళ లోపు యువతీయువకులు, మంట అంటకుండానే, పొగ పీల్చి పోయారు. 2025 మే 18న చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్ లో ఒక ఇంట్లో తెల్లవారుజామున పదిహేడుమంది చనిపోయారు, ఎనిమిది మంది పిల్లలు. వారిలోనూ చాలామందిని చంపింది పొగే. అగ్నిప్రమాదం అంటే కాలిపోవడం అనుకుంటాం. నిద్రలో ఉన్నవాణ్ణి మంట కంటే ముందు పొగ చేరుతుంది, పొగలో ఉన్నది ఈ కార్బన్ మోనాక్సైడే. నిద్రలో మన ముక్కు పనిచేయదు, చెవి పనిచేస్తుంది. డిటెక్టరు చేసే పనల్లా ముక్కు పనిని చెవికి అప్పగించడమే.

ప్రతి ప్రమాదం తర్వాత "విధి" అనే మాట వినిపిస్తుంది. అమెరికాలో అగ్నిప్రమాదాల లెక్కలు చూస్తే, ఇళ్ళలో జరిగే మరణాల్లో అయిదింట దాదాపు మూడు వంతులు డిటెక్టరు లేని, లేదా ఉండీ పనిచేయని ఇళ్ళలోనే. విధికి బ్యాటరీ ఉందో లేదో చూసుకునే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో భక్తులు చెప్పాలి.

పెట్టుకోవడం ఎలా

పొగ డిటెక్టరు కప్పుకి పెట్టాలి, పొగ పైకి వెళ్తుంది కనుక. గోడ మూల నుంచి కనీసం నాలుగంగుళాలు దూరం. మన ఇళ్ళలో సీలింగ్ ఫ్యాను ఉంటుంది, దాని రెక్కల చివర నుంచి మూడడుగులు దూరం ఉండాలి, లేకపోతే గాలి పొగని చెదరగొడుతుంది. వంటింటి పొయ్యికి పదడుగులు ఎడం. పూజగది గుమ్మం ముందు వద్దు, అగరొత్తులకి రోజూ కూసి, నాలుగో రోజున ఇంట్లోవాళ్ళే బ్యాటరీ పీకేస్తారు. ప్రతి పడకగదిలో ఒకటి, పడకగదుల బయట ఒకటి ఉండాలి.

కార్బన్ మోనాక్సైడ్ నేలకి దిగుతుందని చాలామంది చెబుతారు. తప్పు. దాని బరువు దాదాపు గాలి బరువే, గాలిలో కలిసిపోతుంది. పడకగది దగ్గర, తయారీదారు చెప్పిన ఎత్తులో పెడితే చాలు. నేల దగ్గర పెట్టాల్సింది సిలిండరు గ్యాస్ డిటెక్టరు, ఎల్.పి.జి. గాలి కంటే బరువు. పైపుల్లో వచ్చే గ్యాస్ అయితే కప్పు దగ్గర, ఎందుకంటే అది మీథేన్. జె.బి.ఎస్. గనిలో కూలింది అందుకే.

నెలకొకసారి బటన్ నొక్కి చూడాలి. పొగ డిటెక్టరుకి పదేళ్ళు, విష డిటెక్టరుకి రకాన్ని బట్టి అయిదు నుంచి పదేళ్ళు ఆయుష్షు. వెనక తేదీ ఉంటుంది. గ్యాస్ గీజరు బాత్రూంలో ఉంటే, డిటెక్టరు కొనేముందు గీజరుని బయటికి మార్పించండి. గొట్టం లేని పొయ్యికి డిటెక్టరు పరిహారం కాదు. కూసినప్పుడు చేయాల్సింది ఒక్కటే: అందరూ బయటికి రావాలి. తలనొప్పి ఉంటే ఆస్పత్రికి వెళ్ళి, కార్బన్ మోనాక్సైడ్ అనుమానం అని డాక్టరుకి మాటల్లో చెప్పాలి. మామూలుగా వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఈ విషాన్ని ఆక్సిజన్ అనుకుని మంచి అంకె చూపిస్తుంది. అది చూసి ఇంటికి పంపేయగలరు.

ఇక మన సంఘాల మిత్రులకి. ఈసారి ఎవరైనా వచ్చి, మా ఇంట్లో దయ్యం ఉంది, అందరికీ తలనొప్పి, రాత్రుళ్ళు ఎవరో తిరుగుతున్నారు అంటే, ముందు నవ్వకండి. ఉపన్యాసం కూడా తర్వాత. ఇంట్లో పొయ్యి ఏమిటి, గీజరెక్కడ, జనరేటరెక్కడ, బయటికి వెళ్తే తలనొప్పి తగ్గుతోందా, ఇంట్లో కుక్కకీ పిల్లికీ ఎలా ఉంది అని అడగండి. అంకె చూపించే మీటరు ఒకటి మన సంఘం సొంతానికి కొనుక్కోవచ్చు, రెండు మూడు వేల రూపాయల లోపు ఖర్చు. మ్యాజిక్ సామగ్రితో పాటు అదీ సంచీలో ఉండాలి. అంకె సున్నా వస్తే కోవూర్ గారి దారిలో వెళ్దాం. సున్నా రాకపోతే ముందు వాళ్ళని ఆ ఇంట్లోంచి బయటికి తీసుకురండి.